బ్రౌజర్‌లోనే పొలం వీడియో ఎడిటింగ్: మా ఏఐ టూల్, దాని వెనకున్న కొలతల పాఠం



ఎప్పుడూ జీవామృతం, కషాయాలు అని మాట్లాడేవాడు ఇవాళ కంప్యూటర్ పాఠం మొదలెట్టాడేంటి అనుకోకండి. చివరిదాకా చదివితే ఇది కూడా కషాయం పాఠమే అని మీకే తెలుస్తుంది. పైన ఉన్న వీడియోలో టూల్ ఎలా వాడాలో చేసి చూపించాను. ఎందుకలా తయారు చేశామో, ఎక్కడ దెబ్బ తిన్నామో వీడియోలో చెప్పే టైమ్ లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

కొత్తగా వచ్చినవాళ్ళ కోసం నా గురించి రెండు ముక్కలు. మాది కోనసీమలో అల్లవరం. వ్యవసాయ డిప్లొమా చేశాను. ఎకరంన్నర కొబ్బరి, రెండెకరాల వరి, ఇంటి దగ్గర చిన్న గానుగ ఉన్నాయి. నూనె అమ్ముకోడానికి మొదలెట్టిన వీడియోలు చివరికి ప్రకృతి వ్యవసాయం వీడియోలు అయిపోయాయి. సాఫ్ట్‌వేర్ పని నాకు రాదు. అది చేసింది మా బాబాయి కొడుకు. పొలం పని వాడికి రాదు. ఇద్దరం కలిస్తేనే ఈ టూల్ అయింది.

1. ఇదంతా ఎక్కడ మొదలైంది

పోయినేడు అగ్నిఅస్త్రం మీద ఒక వీడియో పెట్టాను. మా ఊళ్ళో నాకు పెదనాన్న వరసయ్యే ఒకాయన చేత చెప్పించాను. ఆవు మూత్రంలో వేపాకు, పొగాకు, పచ్చిమిర్చి, వెల్లుల్లి వేసి ఎలా కాయాలో, రెండు రోజులు ఎలా ఉంచాలో, ఎలా వడకట్టాలో అంతా చెప్పారాయన. తీసింది పన్నెండు నిమిషాలు. దాన్ని ఆరు నిమిషాలకి తగ్గించాలి. అప్పట్లో ఆన్‌లైన్‌లో దొరికే ఒక టూల్ వాడేవాణ్ణి. అందులో ఒక బటన్ నొక్కితే మాటల మధ్య ఖాళీలన్నీ అదే కోసేస్తుంది. నొక్కాను. ఆరు నిమిషాల పది సెకన్లకి వచ్చింది. చూస్తే చకచకా సాగిపోతోంది, బావుంది. ఆ రాత్రే పెట్టేశాను.

తొమ్మిది పది రోజులకి రాజోలు వైపు నుంచి ఒకావిడ ఫోన్ చేశారు.

"బాబూ, మీ వీడియో చూసి వంగకి కొట్టేనండి. ఆకంతా మాడిపోయిందండి."

"ఎంత కలిపేరమ్మా?"

"ఎకరాకి ఆరు లీటర్లన్నారు. నీళ్ళెన్నో చెప్పలేదు కదండీ. ట్యాంకులో సగానికి సగం పోసేను."

నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఫోన్ పెట్టి వీడియో మళ్ళీ చూశాను. ఆవిడ చెప్పింది నిజమే. "ఎకరాకి ఆరు లీటర్లు" అని ఉంది. వెంటనే "బాగా కలిపి సాయంత్రం పూట కొట్టాలి" అని ఉంది. మధ్యలో నీళ్ళ మాటే లేదు.

ఫోన్‌లో ఉన్న అసలు రికార్డింగ్ తీశాను. అందులో ఉంది! పెదనాన్నగారు "ఎకరాకి ఆరు లీటర్లు" అని ఆగారు. డ్రమ్ము వైపు తిరిగి, చేత్తో దాన్ని తడుతూ, కాస్త గొంతు తగ్గించి "ఈ రెండొందల లీటర్ల నీళ్ళలో" అన్నారు. మళ్ళీ ఇటు తిరిగి "బాగా కలిపి" అన్నారు. మనిషి చూస్తే అర్థమవుతుంది. టూల్‌కి మాత్రం ఆ నాలుగు సెకన్లు ఖాళీ లాగే కనబడ్డాయి. కోసేసింది.

లెక్క చూడండి. 200 లీటర్ల నీళ్ళకి 6 లీటర్లంటే 16 లీటర్ల ట్యాంకుకి అర లీటరు కూడా పూర్తిగా పట్టదు. ఆవిడ పోసింది 8 లీటర్లు. పదహారు రెట్లకి పైనే. పొగాకు, మిర్చి, మూత్రం అంత గాఢంగా పడితే ఆకు మాడకేం చేస్తుంది?

మర్నాడు బండేసుకుని వెళ్ళాను. ఇరవై సెంట్ల వంగ. ఒక్క ట్యాంకే కొట్టారు కాబట్టి నాలుగు వరసలు పోయాయి, మిగతావి బతికాయి. ఆవిడ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. "మీరు కావాలని చేసేరా ఏంటండీ" అని మజ్జిగిచ్చారు. ఆ మజ్జిగ గొంతు దిగలేదు నాకు. నారు తెచ్చి ఇస్తానన్నాను, ఇచ్చాను. కానీ ఆ వీడియో చూసి ఫోన్ చెయ్యనివాళ్ళు ఇంకెంతమంది ఉన్నారో నాకు తెలియదు కదా!

2. తప్పు ఎవరిది?

ముందు టూల్ మీద కోపం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే, అది దాని పని చేసింది. ఖాళీ కొయ్యమన్నాను, కోసింది. దాన్ని మళ్ళీ మొదట్నుంచి వినకుండా పెట్టింది నేను.

ఖాళీలు కోసే పద్ధతి ఎలా ఉంటుందంటే, శబ్దం ఒక గీత కంటే కిందికి పడి, అర సెకనో ముప్పావు సెకనో అలాగే ఉంటే "ఇక్కడ మాట లేదు" అని లెక్క వేసుకుంటుంది. స్టూడియోలో కూర్చుని మైకు పెట్టుకుని మాట్లాడేవాళ్ళకి ఇది బాగానే ఉంటుంది. మన రైతు అలా మాట్లాడడు. కొలత చెప్పేముందు గుర్తు తెచ్చుకోడానికి ఆగుతాడు. చెప్పేటప్పుడు కెమెరాని వదిలేసి బకెట్టు వైపో, డ్రమ్ము వైపో తిరుగుతాడు. పైన కొబ్బరి కమ్మలు గాలికి కొట్టుకుంటూ ఉంటాయి. అంటే వీడియో మొత్తంలో ఏ మాట ముఖ్యమో సరిగ్గా ఆ మాట దగ్గరే గొంతు తగ్గుతుంది. అదే ముందు కోతకి పోతుంది.

ఇది నాకు తట్టాక మా తమ్ముడికి ఫోన్ చేశాను. "అన్నయ్యా, మనమే ఒకటి చేసుకుందాం. కొలత దగ్గర ఆగిపోయేలా చేద్దాం" అన్నాడు. అలా మొదలైంది.

3. యాప్ ఎందుకు కాదు, బ్రౌజర్ ఎందుకు?

మీలో చాలామంది ఇది అడుగుతారు. మూడు కారణాలు ఉన్నాయి.

మొదటిది, నమ్మకం. 2020 జూన్ 29న కేంద్రం ఒకేసారి 59 యాప్‌లు నిషేధించింది గుర్తుందా? టిక్‌టాక్‌తో పాటు ఎడిటింగ్‌కి వాడే వివావీడియో కూడా ఆ జాబితాలోనే ఉంది. యూట్యూబ్‌లోనే ఒక ఎడిటర్ ఉండేది, దాన్ని 2017 సెప్టెంబర్‌లో వాళ్ళే తీసేశారు. నేర్చుకున్న పనిముట్టు పొద్దున లేచేసరికి లేకపోతే మళ్ళీ మొదటికి రావాలి. బ్రౌజర్ అయితే ఏ కంప్యూటర్‌లోనైనా ఉంటుంది. ఇన్‌స్టాల్ చెయ్యక్కర్లేదు.

రెండోది, డేటా. ఫుల్ హెచ్‌డీలో తీస్తే నిమిషానికి సుమారు 100 నుంచి 130 ఎంబీ అవుతుంది. పన్నెండు నిమిషాల వీడియో అంటే 1.2 నుంచి 1.5 జీబీ. మనలో ఎక్కువమంది ఫోన్ ప్యాక్ రోజుకి 1.5 జీబీనే. ఎడిటింగ్ కోసం వీడియోని ఎక్కడో ఉన్న సర్వర్‌కి పంపితే ఆ రోజు డేటా అక్కడికే సరి. మా వాడు చేసిన తెలివైన పని ఇక్కడే ఉంది. వీడియో మీ కంప్యూటర్ దాటి ఎక్కడికీ వెళ్ళదు. అందులోంచి శబ్దం మాత్రం విడదీసి, కుదించి పంపుతుంది. మాట అర్థం కావడానికి పాటకి కావలసినంత నాణ్యత అక్కర్లేదు కదా. కుదించాక నిమిషానికి 200 కేబీ లోపే. పన్నెండు నిమిషాలకి రెండు ఎంబీ చిల్లర. సిగ్నల్ ఒక గీత ఉన్నప్పుడు కూడా వెళ్ళిపోతుంది. మాకూ సర్వర్ ఖర్చు తగ్గింది.

మూడోది, ఇప్పుడు ఇది సాధ్యం కావడం. పదేళ్ళ కిందట బ్రౌజర్‌లో ఇంత పెద్ద వీడియో కొయ్యడం జరిగే పని కాదు. వెబ్‌అసెంబ్లీ అని ఒకటి వచ్చింది. వేరే భాషల్లో రాసిన బరువైన ప్రోగ్రాములు కూడా దాని ద్వారా బ్రౌజర్‌లో వేగంగా నడుస్తాయి. 2019 డిసెంబర్‌లో దాన్ని అధికారిక ప్రమాణంగా ప్రకటించారు. 2021లో క్రోమ్ 94వ వెర్షన్‌లో వెబ్‌కోడెక్స్ వచ్చింది. దానితో కంప్యూటర్‌లో వీడియో కోసమే ఉన్న చిప్ భాగాన్ని బ్రౌజర్ నేరుగా వాడుకోగలుగుతుంది. వీడియోలని విప్పి, కోసి, మళ్ళీ కట్టే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ 2000 సంవత్సరం నుంచీ ఉంది. ఫాబ్రిస్ బెలార్డ్ అనే ఫ్రెంచ్ ఆయన మొదలెట్టాడు. ఇప్పుడు అది కూడా బ్రౌజర్‌లో నడుస్తోంది. క్లిప్‌చాంప్ లాంటి పెద్ద ఎడిటర్లు ఈ దారిలోనే ఎదిగాయి. దాన్ని 2021లో మైక్రోసాఫ్ట్ కొనేసింది. మేం కొత్తగా కనిపెట్టిందేమీ లేదండి. ఉన్న సామాను తెచ్చుకుని మన పొయ్యి మీద మన వంట చేసుకున్నాం, అంతే.

4. తెలుగు వినడం దానికి ఎంత కష్టమో

టూల్ చేసే ముఖ్యమైన పని ఇది: మాట విని తెలుగులో రాసి పెడుతుంది. ఏ మాట ఏ సెకనులో వచ్చిందో గుర్తు పెట్టుకుంటుంది. రాతలో ఒక వాక్యం కొట్టేస్తే వీడియోలో ఆ ముక్క పోతుంది. అంటే వీడియో ఎడిట్ చెయ్యడం ఉత్తరం దిద్దినంత సులువవుతుంది. టైమ్‌లైన్ లాగడాలు, కత్తెర బొమ్మలు ఉండవు. చదవడం వస్తే చాలు.

కానీ అది సరిగ్గా వినాలి కదా! 2022 సెప్టెంబర్‌లో ఓపెన్‌ఏఐ వాళ్ళు విస్పర్ అనే మోడల్ అందరికీ ఇచ్చారు. 6,80,000 గంటల శబ్దంతో నేర్పించారు దానికి. అందులో తెలుగు మాటకి తెలుగు రాత జతగా ఉన్నది ఐదు గంటలు కూడా లేదు. మన సినిమాలు రెండు చూస్తే అయిపోయేంత. ఇంక దానికి తెలుగు ఏం వస్తుంది?

అదృష్టం కొద్దీ మన దేశంలో ఈ పని చేసేవాళ్ళున్నారు. ఐఐటీ మద్రాస్‌లో ఏఐ4భారత్ వాళ్ళు భారతీయ భాషల మోడళ్ళు తయారు చేసి ఉచితంగా ఇచ్చారు. కేంద్ర ప్రభుత్వం 2022 జులైలో భాషిణి మొదలెట్టింది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో మామూలు జనం చేత మాట్లాడించి తెలుగు శబ్దం పోగు చేసే పని జరిగింది. మేం ఏఐ4భారత్ మోడల్ తీసుకున్నాం. విస్పర్ కంటే ఎంతో మెరుగు. అయినా పొలం మాట దగ్గరికి వచ్చేసరికి తడబడింది. మా పరీక్షల్లో వచ్చినవి కొన్ని చూడండి:

– "నీమాస్త్రం" అంటే "నీ మాత్రం" అని రాసింది.
– "ఆవు పేడ" అంటే "ఆవు పేద" అంది.
– "సార్వా ఊడ్పులు" అంటే "సర్వం ఊడ్పులు" అంది.
– "దింపు తీశాక" అంటే "తెంపు తీశాక" అంది. కొబ్బరి దింపు దానికేం తెలుసు పాపం!

ఇవి నవ్వుకోడానికి బాగానే ఉన్నాయి. చూసేవాళ్ళు అర్థం చేసుకుంటారు కూడా. అంకెల దగ్గర మాత్రం నవ్వు ఆగిపోయింది.

పలికిన అంకెని రాతలో అంకెగా మార్చే మెట్టు ఒకటుంటుంది. "పది" అంటే 10 అని రాయడం. తెలుగులో ఇది ఎంత తిరకాసో మాకు అప్పుడే తెలిసింది. "రెండు కిలోల బెల్లం వెయ్యి" అన్నాను. "2 కిలోల బెల్లం 1000" అని వచ్చింది! "వెల్లుల్లి మెత్తగా నూరు" అంటే "వెల్లుల్లి మెత్తగా 100". వెయ్యి అన్నది అంకే, వెయ్యమని చెప్పడమూ అదే మాట. నూరు కూడా అంతే. "నీడలో ఆరు" అని ఆగితే 6 వేసింది. మనం చిన్నప్పట్నుంచీ ఏ తేడా లేకుండా అర్థం చేసుకునే ఈ మాటలు మిషన్‌కి కొరకరాని కొయ్యలు.

ఇంకా ఉంది. రైతు కొలత ఎప్పుడూ లీటరు, కిలోలోనే చెప్పడు. గుప్పెడు పుట్టమన్ను అంటాడు. దోసెడు, చెంబుడు, చారెడు, గంపెడు, బుట్టెడు అంటాడు. పాతిక, ముప్పావు, ఒకటిన్నర అంటాడు. పెద్దవాళ్ళయితే తవ్వ, శేరు, కుంచం కూడా అంటారు. పొలానికి వస్తే సెంట్లు. "రెండొందలు", "నూటేబై" అని మన యాసలో పలికినవి వేరే. ఇవన్నీ కొలతలే అని టూల్‌కి నేర్పాలి. చివర "ఎడు" అని వచ్చే మాటలన్నీ పట్టుకోమని మా తమ్ముడు రాశాడు. "చెడు పురుగు" దగ్గర కూడా ఎర్ర గీత పెట్టింది. దాన్ని మినహాయించాడు. ఇలా ఒక్కొక్కటీ దిద్దుతూ జాబితా పెంచుకుంటూ వచ్చాం. బీజామృతం, బ్రహ్మాస్త్రం, దశపర్ణి కషాయం, పీఎండీఎస్ లాంటి మాటలు కూడా ఆ జాబితాలో పెట్టాం.

5. మేం పెట్టిన ఆపు

ఎంత దిద్దినా నూటికి నూరు పాళ్ళు సరిగ్గా రాదు. అది ఒప్పుకున్నాకే అసలు టూల్ తయారైంది.

ఇక్కడ మన రాష్ట్రంలోనే జరిగిన ఒక పని గురించి చెప్పాలి. డిజిటల్ గ్రీన్ అని ఒక సంస్థ ఉంది. 2006లో బెంగళూరు మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో రికిన్ గాంధీ మొదలెట్టిన ప్రాజెక్టు అది. 2008లో విడి సంస్థ అయింది. రైతుల చేతే చిన్న వీడియోలు తీయించి, బ్యాటరీతో నడిచే చిన్న ప్రొజెక్టర్ మీద ఊళ్ళో చూపించడం వాళ్ళ పద్ధతి. మన దగ్గర రైతు సాధికార సంస్థతో కలిసి ప్రకృతి వ్యవసాయం మీద కూడా పని చేశారు. అందులో నన్ను ఆకట్టుకున్నది వీడియో కాదు. వీడియో పక్కన నిలబడే మనిషి. ఆ మనిషి మధ్యలో వీడియో ఆపుతుంది. "ఇప్పుడు ఎంత వెయ్యమన్నారు?" అని అడుగుతుంది. జనం చెబుతారు. తప్పు చెబితే మళ్ళీ వేస్తుంది. పైగా ఆ వీడియో బయటికి రాకముందే విషయం తెలిసినవాళ్ళు చూసి సరే అనాలి.

మన యూట్యూబ్ వీడియోలకి ఆ మనిషి లేదు. రాజోలు వైపు ఆవిడ తన ఇంట్లో ఒక్కర్తే కూర్చుని చూసింది. ఆపి అడిగేవాళ్ళు లేరు. అందుకే చూసేవాళ్ళ దగ్గర లేని ఆపుని తీసేవాళ్ళ దగ్గర పెట్టాం.

అది ఎలా పనిచేస్తుందంటే:

రాతలో కొలత అనిపించిన ప్రతి మాట ఎర్రగా కనిపిస్తుంది. ఎర్ర మాటకి ముందు ఐదు సెకన్లు, వెనక ఐదు సెకన్లు ఖాళీ కోత పనిచెయ్యదు. అక్కడ నిశ్శబ్దం ఉన్నా సరే, ఉంచేస్తుంది. కొయ్యాలంటే మీరే విని, మీ చేత్తో కొయ్యాలి.

ప్రతి ఎర్ర మాట మీద నొక్కితే అసలు రికార్డింగ్‌లోంచి ఆ పది సెకన్లు వినిపిస్తుంది. విని, సరిగ్గా ఉందని టిక్ పెడితే ఆకుపచ్చ అవుతుంది. ఒక్క ఎర్ర మాట మిగిలినా వీడియో బయటికి రాదు. డౌన్‌లోడ్ బటన్ పనిచెయ్యదు. దాటవేసే దారి పెట్టలేదు. కావాలనే పెట్టలేదు.

కషాయం పేరు వచ్చి, దగ్గర్లో నీళ్ళ మాట రాకపోతే అడుగుతుంది: "ఇది నేరుగా కొట్టేదా? నీళ్ళు కలిపేదా?" ఈ ప్రశ్న ఎందుకంటే, నీమాస్త్రం మనం నీళ్ళు కలపకుండా కొడతాం. 100 లీటర్ల నీళ్ళలోనే దాన్ని తయారు చేస్తాం కాబట్టి. అగ్నిఅస్త్రం గాఢంగా కాస్తాం కాబట్టి తప్పకుండా నీళ్ళు కలపాలి. రెండూ అస్త్రాలే, ఒకటి చూసి రెండోదానికి కొలత అనుకుంటే వంగతోట గతే. ఆ ప్రశ్నకి జవాబు ఏఐ ఇవ్వదు. మీరే రాయాలి. మీరు రాసింది చివర్లో కార్డుగా తెర మీద పది సెకన్లు నిలబడుతుంది.

మా తమ్ముడు ఒకసారి అన్నాడు, "అన్నయ్యా, కొలతలు కూడా ఏఐ చేతే సరిచూపిద్దాం. పుస్తకాలన్నీ దానికి ఎక్కించేస్తే సరి" అని. నేను వద్దన్నాను. ఎందుకంటే కొలత ఒక్కొక్కరిది ఒక్కోలా ఉంటుంది. పంటని బట్టి, మొక్క వయసుని బట్టి, కాచిన గాఢతని బట్టి మారుతుంది. పెదనాన్నగారి 6 లీటర్లు ఆయన చేతి కాపుకి సరిపోయే కొలత. దాన్ని మిషన్ సగటు చేసి దిద్దితే ఆయన చెప్పనిది ఆయన నోట్లో పెట్టినట్టవుతుంది. ఎవరు చెప్పారో వాళ్ళే మళ్ళీ విని ఔననాలి.

6. వాడే పద్ధతి, వరసగా

పైన వీడియోలో 3వ నిమిషం నుంచి ఇదే చూపించాను.

1) కంప్యూటర్‌లో క్రోమ్ గానీ ఎడ్జ్ గానీ కొత్త వెర్షన్ తెరవండి. 8 జీబీ ర్యామ్ ఉంటే మంచిది. ఫోన్‌లో ప్రస్తుతానికి వద్దు, వేడెక్కి మధ్యలో ఆగిపోతోంది.

2) ఫోన్‌లోంచి వీడియోని కేబుల్‌తో కంప్యూటర్‌లోకి తెచ్చుకోండి. వాట్సాప్‌లో పంపుకోవద్దు. నాణ్యత పడిపోతుంది, మాట కూడా మసకబారుతుంది.

3) టూల్‌లో ఫైల్ ఎంచుకోండి. శబ్దం మాత్రం వెళ్ళి, కాసేపట్లో రాత వస్తుంది.

4) ముందు రాత మొత్తం చదవండి. కొయ్యడం తర్వాత. తప్పు పడిన మాటలు దిద్దండి.

5) అక్కర్లేని వాక్యాలు కొట్టేయండి. ఖాళీ కోత బటన్ ఆ తర్వాతే నొక్కండి.

6) ఎర్ర మాటలు ఒక్కొక్కటీ విని టిక్ పెట్టండి. చెప్పింది వేరే రైతయితే ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకోండి. ఇది తప్పనిసరి అనుకోండి.

7) కొలతల కార్డు నింపండి. ఎకరాకి ఎంత, ట్యాంకుకి ఎంత, రెండూ రాయండి. ఎక్కువమంది దగ్గర ఉండేది 16 లీటర్ల ట్యాంకే. ఎకరా లెక్క చెప్పి వదిలేస్తే వాళ్ళు అంచనా వేసుకుంటారు. అంచనా దగ్గరే ప్రమాదం.

8) డౌన్‌లోడ్ చేశాక, పెట్టేముందు ఒక్కసారి మొదట్నుంచి చివరిదాకా చూడండి. ఆరు నిమిషాల పనికి ఆరు నిమిషాలు కేటాయించలేమా?

7. ఈ టూల్ చెయ్యనివి

బొమ్మలు తయారు చెయ్యదు. ఇప్పుడు కొన్ని టూల్స్‌లో "కొబ్బరి ఆకు మీద తెల్లదోమ" అని రాస్తే బొమ్మ, వీడియో కూడా వచ్చేస్తాయి. చూడ్డానికి నిజం లాగే ఉంటాయి. కానీ సర్పిలాకార తెల్లదోమ గుడ్లు ఎలా చుట్టలు తిరిగి ఉంటాయో, మామూలు తెల్లదోమకి దానికి తేడా ఏంటో ఆ బొమ్మకి తెలియదు. దాన్ని చూసి పురుగు పోల్చుకున్న రైతు తప్పు మందుకి వెళ్తాడు. పురుగు బొమ్మ కావాలంటే మీ తోటలో తియ్యండి. లేదంటే అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం వాళ్ళని అడిగి తెలుసుకోండి, కొబ్బరి పురుగుల మీద వాళ్ళు చాలా పని చేశారు. ఏఐతో చేసిన నిజం లాంటి దృశ్యాలు పెడితే ఆ సంగతి చెప్పాలని యూట్యూబ్ కూడా 2024 నుంచి నియమం పెట్టింది.

గొంతు మార్చదు. రైతు గొంతుని ఏఐ గొంతుతో మార్చి ఇంగ్లీషులోనో హిందీలోనో వినిపించే సౌకర్యం పెట్టమని అడిగారు. ముందు తెలుగే సరిగ్గా విననివ్వండి.

గాలి హోరు ఎక్కువుంటే అది కూడా ఏమీ చెయ్యలేదు. మాది సముద్రం పక్క మండలం. ఓడలరేవు వైపు తీసిన వీడియోల్లో సగం గాలే వినబడుతుంది. కాలర్‌కి పెట్టుకునే చిన్న మైకు కొనుక్కోండి. ఏ ఏఐ కంటే అదే ఎక్కువ పని చేస్తుంది.

ఇంకో మాట. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఇద్దరి మాటలూ కలిపేస్తుంది. మన వాళ్ళు ఒకరు చెబుతుంటే పక్కాయన "ఆయ్, అంతేనండి" అనకుండా ఉండరు. ఆ "ఆయ్" దగ్గర కూడా రాత చెడుతోంది. దాని మీద పని జరుగుతోంది.

8. ఎవరికి ఇస్తున్నాం

ఈ వారం నుంచి టూల్ తెరుస్తున్నాం. అందరికీ కాదు. ముందు మా మండలంలోనూ చుట్టుపక్కలా వీడియోలు తీసే పదిమందికి ఇస్తున్నాం. డబ్బులు తీసుకోవడం లేదు. వాళ్ళు వాడి, ఎక్కడెక్కడ కొలత పట్టుకోలేదో చెబితే ఆ మాటలు జాబితాలో చేరుస్తాం. రాయలసీమ మాట, తెలంగాణ మాట, ఉత్తరాంధ్ర మాట వేరేగా ఉంటాయి. గోదావరి మాట దిద్దడానికే మాకిన్నాళ్ళు పట్టింది. తొందరపడి అందరికీ ఇచ్చేస్తే ఇంకో చోట ఇంకో వంగతోట మాడుతుంది.

అగ్నిఅస్త్రం పాత వీడియో తీసేశాను. తీసేసి ఊరుకుంటే ముందే చూసినవాళ్ళకి తెలియదు కాబట్టి, ఏ తప్పు జరిగిందో చెబుతూ కొత్తది పెట్టాను. అదే పెదనాన్నగారు, అదే డ్రమ్ము. టూల్‌లో ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఎర్ర మాటలన్నీ వినిపించాను. మూడోదాని దగ్గర "ఆగరా, అది తప్పు చెప్పేను" అన్నారు. పొగాకు కొలత ఆయనే పొరపాటున చెప్పారట. రికార్డింగ్ సరిగ్గానే ఉంది, ఏఐ సరిగ్గానే విని రాసింది, అయినా కొలత తప్పే. ఆ ఆపు లేకపోతే అదీ బయటికి వెళ్ళిపోయేది. మళ్ళీ తీశాం.

కొత్త వీడియో రాజోలు వైపు ఆవిడకి పంపాను. చూసి ఫోన్ చేశారు. "ఇప్పుడు ట్యాంకుకి ఎంతో కార్డులో రాసేరు బాబూ, బావుంది. అక్షరాలు ఇంకాస్త పెద్దవి పెట్టండి, కళ్ళజోడు లేకుండా కనబడట్లేదు" అన్నారు. అక్షరాలు పెద్దవి చేశాం. పైన ఉన్న వీడియోలో మీరు చూసేది ఆ సైజే.

వీడియోలు తీసే ప్రతివాళ్ళకీ నేను చెప్పేది ఒక్కటే. టూల్ ఏదైనా వాడండి, మాదే వాడమనట్లేదు. కానీ పెట్టేముందు ఈ నాలుగూ చూసుకోండి:

– ప్రతి కొలత చెవితో విన్నామా?
– నీళ్ళ మాట ఉందా?
– ట్యాంకు లెక్క రాశామా?
– చెప్పిన రైతు చూసి ఔనన్నాడా?

వచ్చే వారం మళ్ళీ మన పొలంలోకి వెళ్దాం. కొబ్బరి తోటలో ఘన జీవామృతం ఎప్పుడు, ఎలా వెయ్యాలో చెబుతాను. ఈసారి కొలతలన్నీ విని, టిక్ పెట్టి, మరీ పెడతాను.

ఉంటానండి.